ఇంటి నేల: రాయి పని ఎంత, చేతి పని ఎంత

ఇల్లు కట్టేటప్పుడు నేల గురించి జరిగే చర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: గ్రానైటా, మార్బులా, టైల్సా? ఇంటిల్లిపాదీ నాలుగు షోరూములు తిరుగుతారు. రంగు మీద వాదులాడుకుంటారు. ఫొటోలు తీసి అమెరికాలో ఉన్న కొడుక్కి పంపి అభిప్రాయం అడుగుతారు. మేస్త్రి సంగతి మాత్రం పది నిమిషాల్లో తేలిపోతుంది. అడుగుకు ఎంత, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు మొదలు? అంతే.

ఐదారేళ్లు గడిచాక అదే నేల మీద వచ్చే ఫిర్యాదులు రాసుకుంటూ పోతే లెక్క తిరగబడుతుంది. హాల్లో రెండు టైళ్లు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేచాయి. మంచం జరిపితే డొల్ల శబ్దం వస్తోంది. బాత్రూంలో నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు దగ్గర నిలుస్తున్నాయి. కింది ఫ్లాటువాళ్ల సీలింగుకు చెమ్మ ఎక్కింది. అరుగు మీద అమ్మమ్మ జారిపడింది. వీటిలో రాయి తప్పు, టైలు తప్పు ఎంత అని చూస్తే బహు కొద్ది. ఎక్కువ భాగం టైలు కింద పొరల్లో, పరిచిన చేతుల్లో, ఏ గదికి ఏది అన్న నిర్ణయంలో పుట్టినవే. మనం డబ్బూ సమయమూ పెట్టే వరస ఒకటి, నేల పాడయ్యే వరస ఇంకొకటి. ఈ రెంటినీ దగ్గరికి తేవడం ఎలాగో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

మన గనుల రాళ్లు

నేల రాళ్ల విషయంలో తెలుగు ప్రాంతం భాగ్యవంతమైనది. వికారాబాద్ జిల్లా తాండూరు, దాని పొరుగున కర్ణాటకలోని షాబాద్, నంద్యాల జిల్లా బేతంచెర్ల, కడప జిల్లా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలు, పల్నాటి మాచర్ల: ఇవన్నీ సున్నపురాయి నేలలు. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడింది కాబట్టి బండలుగా సులభంగా చీలుతుంది. నాపరాళ్లు, షాబాదు బండలు, కడప బండలు అని ఊరికో పేరుతో పిలిచినా జాతి ఒకటే. గచ్చు నేలల తర్వాత, మొజాయిక్ రాక ముందు, మధ్యతరగతి ఇళ్లను మోసింది ఈ బండలే.

వీటికి ఇప్పుడు పాతకాలపు సరుకన్న ముద్ర పడింది. అది న్యాయం కాదు. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకోగలిగేంత చల్లగా ఉంటాయి. పాలిష్ పట్టని బండ తడిలోనూ కాలు జారనివ్వదు. దగ్గరి గని నుంచి వస్తాయి కాబట్టి ధర తక్కువ. పదేళ్లకు మెరుపు పోతే మళ్లీ పాలిష్ పట్టించుకోవచ్చు. టైలుకు ఆ వెసులుబాటు లేదు.

బలహీనత కూడా రాయి పుట్టుకలోనే ఉంది. సున్నపురాయి ఆమ్లానికి లొంగుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి ఆరిపోతే మచ్చ పడుతుంది. బాత్రూం యాసిడ్ పోస్తే పైపొర తినేస్తుంది. నీటిని కొంత పీల్చుకుంటుంది కాబట్టి కింది నుంచి చెమ్మ ఎక్కే ఇళ్లలో తెల్లటి ఉప్పు పొర తేలుతుంది. బండల మందం ఒకేలా ఉండదు. ఒక్కో బండకు కింద ఇసుక సిమెంటు హెచ్చుతగ్గులు చేస్తూ మట్టం తేవాలి. ఆ ఓపిక ఉన్న మేస్త్రి దొరికితేనే ఈ రాయి అందం బయటపడుతుంది.

గ్రానైటుది వేరే కథ. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి బంగారు రేణువులు చల్లినట్టుండే గెలాక్సీ, కరీంనగర్ నుంచి టాన్ బ్రౌన్ దేశాలు దాటి వెళ్తున్నాయి. గెలాక్సీని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ శిలాశాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి. వాడకందారుకు కావలసిన గుణాలు మాత్రం రెంటికీ ఉన్నాయి: గట్టిదనం, ఆమ్లానికి లొంగకపోవడం, తక్కువ పీల్పు. వంటగట్టుకు, మెట్లకు, గడపలకు దీన్ని మించింది లేదు. ఇల్లంతా పరిచేటప్పుడు మాత్రం బరువు, ధర, అద్దంలాంటి పాలిష్ మీద తడి, ఈ మూడూ ఆలోచించుకోవాలి.

మార్బుల్ కాల్షియం కార్బొనేటే. అంటే సున్నపురాయికి ఉన్న బలహీనతలన్నీ దీనికీ ఉన్నాయి. తాజ్‌మహల్‌కు రాయినిచ్చిన రాజస్థాన్ మక్రానా పేరు చెప్పి అమ్మేదంతా మక్రానా కాదు. ఇటాలియన్ మార్బుల్ అందం కాదనలేనిది, కానీ తిరగమోతలు, పసుపు, దీపపు నూనె రోజూ ఉండే ఇంట్లో దాన్ని కాపాడుకోవడం ఒక ఉద్యోగం. పైగా మార్బుల్ నేల అంటే రాయి ఖర్చు ఒక్కటే కాదు. మామూలు సిమెంటు మరక పైకి ఎక్కకుండా తెల్ల సిమెంటుతో పరచాలి. ఆరబెట్టాలి. తర్వాత ముతక రాయి నుంచి నున్నటి రాయి దాకా విడతలు విడతలుగా మిషను పట్టాలి. కొటేషన్లో ఈ పాలిష్ ఉందో లేదో ముందే అడగనివాళ్లు తర్వాత ఆశ్చర్యపోతారు.

టైలు డబ్బా మీద చదవాల్సినవి

1990ల తర్వాత విట్రిఫైడ్ టైలు మన ఇళ్లలోకి వచ్చి, చూస్తుండగానే మొజాయిక్‌ను మింగేసింది. ఇప్పుడు మన దుకాణాల్లో కనిపించే టైళ్లలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ ఫ్యాక్టరీల నుంచి వచ్చేవే. బ్రాండు పేరు ఏదైనా, లోపలి సరుకు జాతి తెలిస్తే సగం బేరం తెలిసినట్టే.

మొదటి కొలత నీటి పీల్పు. అంతర్జాతీయ ప్రమాణంలో అర శాతం లేదా అంతకంటే తక్కువ నీరు పీల్చేది పోర్సిలెయిన్ వర్గం. మన విట్రిఫైడ్ దీని కిందికే వస్తుంది. పది శాతం మించి పీల్చేది గోడ టైలు. గోడ టైలును చవకగా దొరికిందని నేలకు వేస్తే పగుళ్లు తప్పవు. దుకాణంలోనే టైలు వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడొచ్చు. వెంటనే ఇంకిపోతే అది నేలకు పనికిరాదు.

రెండోది రంగు ఎంత లోతు ఉందన్నది. ఫుల్ బాడీ టైలులో రంగు అడుగుదాకా ఉంటుంది. డబుల్ చార్జ్‌లో పైన మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన రంగు పొర ఉంటుంది. జీవీటీ, పీజీవీటీ రకాల్లో డిజైనంతా పైన అద్దిన పల్చటి గ్లేజు మీదే. మార్బుల్‌ను తలదన్నే డిజైన్లు వీటిలోనే వస్తాయి. కానీ చెప్పులతో వచ్చే ఇసుకలో ఉండేది క్వార్ట్జ్. అది తనకంటే మెత్తనైన దేన్నయినా గీస్తుంది. అందుకే పీజీవీటీ హాలులో రెండు మూడేళ్లకు గుమ్మం దగ్గర మాత్రం మెరుపు తగ్గి, సోఫా కింద కొత్తగా ఉంటుంది. గ్లేజు టైలు అరుగుదలను పీఈఐ 1 నుంచి 5 వరకు చెబుతారు. హాలుకు, వరండాకు 4 అడగాలి. పడకగదికి 3 చాలు.

మూడోది జారుడు. ఇక్కడ మన దేశపు ఇళ్లకు ఎవరూ చెప్పని ఒక కిటుకు ఉంది. షోరూముల్లో ఆర్9, ఆర్10, ఆర్11 అని చెప్పే కొలత జర్మన్ పరీక్ష నుంచి వచ్చింది. ఆ పరీక్షలో బూట్లు వేసుకున్న మనిషి నూనె పోసిన వాలు మీద నడుస్తాడు. కార్ఖానాలకు అది సరిపోతుంది. మన బాత్రూంలో నడిచేది ఒట్టి కాళ్లతో, సబ్బు నీళ్ల మీద. దానికి వేరే జర్మన్ పరీక్ష ఉంది. ఫలితం ఏ, బీ, సీ అని వస్తుంది, సీ అన్నింటికంటే భద్రం. బాత్రూం, స్నానాల గది, బట్టలుతికే చోటు, బయటి మెట్లు, వీటికి ఒట్టికాలి కొలతలో బీ గానీ సీ గానీ ఉన్న టైలు అడగండి. దుకాణంవాడికి తెలియకపోతే కంపెనీ కాగితంలో చూపించమనండి. అదీ లేకపోతే చెప్పులు విప్పి, టైలు మీద కాస్త సబ్బు నీళ్లు పోసి, గోడ పట్టుకుని కాలు పెట్టి చూడటం ఏ సర్టిఫికెట్‌కూ తీసిపోని పరీక్ష.

నాలుగోది కొలత. రెండు బై రెండు అని పిలిచే టైలు నిజానికి 600 మిల్లీమీటర్లు. రెండు అడుగులంటే 609.6. అంటే ఒక్కో టైలు వైశాల్యం నాలుగు చదరపు అడుగులు కాదు, 3.875. నాలుగు టైళ్ల డబ్బా కప్పేది పదహారు కాదు, 15.5 చదరపు అడుగులు. డబ్బాకు పదహారు కట్టి బిల్లు వేస్తే వెయ్యి అడుగుల ఇంటికి రెండు డబ్బాల తేడా వస్తుంది. బిల్లు డబ్బాల లెక్కనా, అడుగుల లెక్కనా, డబ్బా కప్పేది ఎంతని రాశారు అన్నవి చూసుకోవాలి. తిన్నగా వేస్తే కటింగ్ తరుగుకు ఐదు నుంచి ఎనిమిది శాతం, ఐమూలగా వేస్తే పది శాతం పైన కలుపుకోవాలి. డబ్బాలన్నీ ఒకే బ్యాచ్, ఒకే షేడ్ నంబరు ఉన్నవి ఒకేసారి దింపించుకోవాలి. తర్వాత తెప్పించే రెండు డబ్బాలు కచ్చితంగా వేరే షేడు వస్తాయి. పని అయిపోయాక ఒక డబ్బా అటక మీద దాచుకోవడం మరమ్మతులకు బీమా.

చెక్క నేలల గురించి క్లుప్తంగా చాలు. లామినేట్ అంటే చెక్క పొడి పలక మీద చెక్క బొమ్మ. తుడుపు గుడ్డతో రోజూ తడిపే అలవాటుకు, కోస్తా ఉక్కకు అది ఉబ్బుతుంది. అసలు చెక్కకు పైగా చెదల భయం. ఎస్‌పీసీ అనే కొత్త రకం సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసేది. నీటికి ఉబ్బదు, ఒకదానిలో ఒకటి నొక్కి బిగిస్తే చాలు. పై అంతస్తు పడకగదికి, అద్దె ఇంటికి, పాత నేల తవ్వకుండా పైన పరుచుకోవడానికి బాగుంటుంది. వంటింటికి, పూజగదికి వద్దు. నిప్పు, వేడి గిన్నె తగిలితే పీవీసీకి మచ్చ పడుతుంది.

కింది పొర: ఎవరూ ఫొటో తీయనిది

నేల పైకి లేవడానికి, దిగడానికి, పగలడానికి మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది కింద మట్టి. గ్రౌండ్ ఫ్లోరులో బేస్మెంటు నింపిన మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టకపోతే మూడు నాలుగు వానాకాలాల్లో అది దిగుతుంది. దానితో పాటు గోడ పక్కన స్కర్టింగు కింద సందు తెరుచుకుంటుంది. నల్లరేగడి ఉన్న గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. తవ్విన రేగడినే తిరిగి బేస్మెంటులో నింపితే ఎంత ఖరీదైన గ్రానైటైనా అలలు తిరుగుతుంది. మొరం గానీ ఇసుక గానీ నింపి, దిమ్మిస కొట్టి, కంకర బెడ్డు వేసి, అది ఆరాకే రాయి జోలికి పోవాలి.

రెండోది అతుకు. సిమెంటు పాలు పోసి టైలు అతికించడం మన మేస్త్రీల చేతికి అలవాటైన పద్ధతి. సిరామిక్ టైలు, బండ కాస్త నీరు పీల్చుతాయి కాబట్టి సిమెంటు వాటి రంధ్రాల్లోకి చొరబడి పట్టుకుంటుంది. విట్రిఫైడ్ నీరు పీల్చదు. దాని గుణం అదే, దాని చిక్కూ అదే. సిమెంటుకు పట్టుకోవడానికి రంధ్రాలు లేవు. అందుకే విట్రిఫైడ్‌కు పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి. మేస్త్రీలు గమ్మంటారు. భారత ప్రమాణం ఐఎస్ 15477 దీన్ని ఐదు రకాలుగా విభజించింది. టైలు సైజు పెరిగే కొద్దీ, ఎండ తగిలే చోటికి, పాత టైలు మీద కొత్తది వేసేటప్పుడు పై రకాలు అవసరం. సంచి మీద రకం రాసి ఉంటుంది.

ఇక్కడ మేస్త్రీల వాదన కూడా వినాలి. ఇసుక సిమెంటు బెడ్డు మీద వేస్తే నేల ఎగుడుదిగుళ్లు అందులోనే సర్దుకుంటాయి, గమ్ము అయితే నేల ముందే మట్టంగా ఉండాలి, ఖర్చు రెట్టింపవుతుంది అంటారు. నిజమే. 20 కిలోల సంచి మూడు మిల్లీమీటర్ల మందంలో దాదాపు 50 చదరపు అడుగులకు వస్తుంది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే సంచులు మాయమైపోతాయి. కాబట్టి సరైన దారి రెంటినీ కలపడం: ముందు ఇసుక సిమెంటుతో మట్టం చేసి ఆరబెట్టడం, దాని మీద పళ్లున్న తాపీతో గమ్ము పరిచి టైలు నొక్కడం. రెండు బై నాలుగు, అంతకన్నా పెద్ద టైళ్లకు టైలు వెనక కూడా పల్చగా పూయాలి. మధ్యలో ఒక ముద్ద, మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి టైలు నిలబెట్టే పద్ధతిని ఎక్కడ చూసినా ఆపించాలి. ముద్దల మధ్య ఖాళీలే తర్వాత డొల్ల శబ్దం. బరువైన గిన్నె పడితే ముందు పగిలేవి ఆ మూలలే.

మూడోది సందు. అతుకులు కనిపించకుండా వేస్తాం అని చెప్పే మేస్త్రికి మార్కెట్లో మంచి పేరు. ఈ ఒక్క విషయంలో మార్కెట్ పూర్తిగా తప్పు. కొత్త స్లాబు ఆరుతూ ఏడాది రెండేళ్లపాటు కుంచించుకుంటూనే ఉంటుంది. ఇరవై అడుగుల హాలుకు ఆ కుంచింపు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. టైలు మాత్రం కుంచించుకోదు. ఆనుకుని ఉన్న టైళ్లకు పోయే దారి లేక ఒకరోజు, తరచుగా ఉష్ణోగ్రత బాగా మారే రోజుల్లో, ఢామ్మని పైకి లేస్తాయి. టైలు టైలుకు మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల స్పేసరు, గోడ చుట్టూ స్కర్టింగు కింద దాగేలా ఐదు నుంచి పది మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఈ బాధ ఉండదు. ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చకూడదు. డాబా మీద, ఎండ పడే బాల్కనీలో పది పన్నెండు అడుగులకొకసారి సాగే సీలెంటుతో సందు వదలాలి. వంటింట్లో, బాత్రూంలో సందులను ఎపాక్సీ గ్రౌటుతో నింపితే నూనె, పసుపు మరకలు పట్టవు.

తడి గదుల్లో ఇంకో మెట్టు ఉంది. టైలు నీటిని ఆపదు, టైలు సందు అసలు ఆపదు. ఆపేది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్. అది వేశాక, టైలు వేయక ముందు, జాలీ మూసి రెండు అంగుళాల నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు ఉంచి కింది సీలింగు చూడాలి. ఈ పరీక్ష చేయని బాత్రూం మీద ఏ హామీకీ విలువ లేదు. టైలు వేశాక బకెట్ నీళ్లు మూలన పోస్తే నిలవకుండా జాలీకి చేరాలి.

వాలు గురించి ఒక తెలుగు చిక్కు. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలని చాలామంది పట్టుబడతారు. కడిగే నేలలున్న రోజుల్లో, చిన్న బండల మీద, అది నీళ్లు పోయే సదుపాయం కూడా. పెద్ద టైళ్లకు రెండు వైపులా వాలు పెడితే టైలు అంచులు ఒకదానికొకటి కలవవు, కాలికి తగులుతాయి. ఆ వాలు కావాలనుకుంటే చిన్న సైజు టైలుకు రావాలి, లేదా ఒకే దిశలో అతి స్వల్పంగా పెట్టుకోవాలి. పని మొదలయ్యే రోజు కాదు, టైలు కొనక ముందే దీన్ని తేల్చుకోవాలి. పొడవాటి చెక్క డిజైను టైళ్లను సగానికి సగం జరిపి వేసినా ఇదే బాధ. పొడవు టైలు మధ్యలో కాస్త వంగి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు మించి జరపకూడదు.

పాత నేల మీద కొత్తది వేసేవాళ్లు బరువు లెక్క వేసుకోవాలి. 20 మిల్లీమీటర్ల గ్రానైటు, 40 మిల్లీమీటర్ల సిమెంటు బెడ్డు కలిసి చదరపు మీటరుకు దాదాపు 130 కిలోలు. ఇంట్లో మనుషులు, సామాన్ల కోసం ఐఎస్ 875 లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. పాత నేల తీయకుండా రాయి పరిస్తే అందులో సగానికి పైగా రాయే తినేస్తుంది. గమ్ముతో టైలు మీద టైలు అయితే ముప్పై కిలోల దగ్గర ఆగుతుంది. అప్పుడు కూడా పాత టైళ్లను తట్టి చూసి, డొల్లవి తీసేశాకే మొదలుపెట్టాలి. తలుపు కింద సందు చాలదని ముందే గుర్తించాలి.

మేస్త్రి, కాంట్రాక్టరు

పని ఇచ్చే పద్ధతులు మూడు. లేబరు మాత్రమే ఇచ్చి సరుకు మనం కొనడం ఒకటి. సరుకుతో సహా అడుగు లెక్కన ఇవ్వడం రెండోది. మొత్తం ఇల్లు గుత్తకిచ్చి నేల కూడా అందులోనే కలిపేయడం మూడోది. మొదటిదానిలో డబ్బు మిగులుతుంది, తప్పు జరిగితే మాత్రం సరుకుదని మేస్త్రి, పనిదని దుకాణం తోసుకుంటాయి. రెండోదానిలో బాధ్యత ఒక్కరిదే, కానీ గమ్ము బదులు సిమెంటు పాలు, ఎపాక్సీ బదులు మామూలు గ్రౌటు వచ్చే అవకాశం ఉంది. మూడోది నేలకు అన్నింటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఇంటి పనిలో నేల చివర్లో వస్తుంది. అప్పటికి గుత్తేదారు చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. పని మీద నిలబడి చూడగల మనిషి ఇంట్లో ఉంటే మొదటిది మేలు. లేకపోతే రెండోది, సరుకు పేర్లు కాగితం మీద రాసుకుని.

మేస్త్రిని ఎంచుకునేటప్పుడు పోయిన నెల చేసిన పని చూపించమనడం వృథా. కొత్తలో ప్రతి నేలా బాగుంటుంది. రెండు మూడేళ్ల కిందటి ఇల్లు చూపించమనాలి. అక్కడ నాణెంతో టైళ్లు తట్టండి. సాయంత్రం టార్చి నేలకు ఆనించి వెలుగు పారించండి, ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. బాత్రూం జాలీ చుట్టూ కటింగ్ ఎలా ఉందో చూడండి. మేస్త్రి చేతి పనితనం హాలు మధ్యలో కాదు, మూలల్లో తెలుస్తుంది.

అడగాల్సిన ప్రశ్నలు కూడా కొన్నే. పనికి వచ్చేది మీరేనా, మీ మనుషులా, వాళ్లు చివరిదాకా ఉంటారా? టైళ్ల పని రాజస్థాన్, బీహార్, ఒడిశా నుంచి వచ్చిన జట్లు చేసే నగరాల్లో బేరం ఒకరితో కుదురుతుంది, పని ఇంకొకరు చేస్తారు. పళ్లున్న తాపీ, స్పేసర్లు, లెవెలింగ్ క్లిప్పులు, నీళ్లతో కోసే మిషను ఉన్నాయా? సందు ఎంత వదులుతారు? ఆఖరి ప్రశ్నకు అసలు సందే కనపడదు సార్ అన్న జవాబు వస్తే అక్కడితో ఆపేయొచ్చు. ఏ షాపులో కొనమంటారు అని కూడా అడగండి. మేస్త్రికి షాపు కమిషన్ ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. అది పాపమేమీ కాదు గానీ, సలహా ఎవరి డబ్బుతో వస్తోందో తెలిసి ఉండాలి.

ముందు ఒక్క బాత్రూం గానీ చిన్న గది గానీ చేయించి చూడటం నమ్మకమైన పద్ధతి. అది నచ్చితేనే మిగతా ఇల్లు అని మొదటే చెప్పాలి. నిజంగా పని తెలిసిన మేస్త్రి దీనికి నొచ్చుకోడు.

కాగితం, డబ్బు, చట్టం

గొడవలన్నీ రేటు మీద కాదు, రేటులో ఏముందన్న దాని మీదే వస్తాయి. ఒక పేజీ కాగితం చాలు. అందులో ఉండాల్సినవి: చదరపు అడుగు కొలత పరిచిన వైశాల్యానికా, కొన్న టైలుకా, స్కర్టింగు, మెట్లు, మెట్ల అంచు గుండ్రం చేయడం రన్నింగ్ ఫీటుకు ఎంత, పాత నేల తవ్వడం, ఆ రద్దు తోలడం ఎవరి పని, పై అంతస్తుకు మోత కూలి ఎవరిది, ఇసుక, నీళ్లు, కరెంటు ఎవరివి, పగిలిన టైలు ఎవరి ఖాతా, గమ్ము, గ్రౌటు ఏ రకం, మార్బుల్ అయితే పాలిష్ ఎన్ని విడతలు, పని అయ్యాక నేల మీద రక్షణకు షీటు ఎవరు పరుస్తారు, పని ముగిసే తేదీ. పెయింటింగ్ నేల తర్వాత ఉంటే ఆ షీటు లేకపోవడం కొత్త నేలను పాడుచేసే మొదటి కారణం. నేల మీద సిమెంటు మరకలు పోగొట్టడానికి యాసిడ్ వాడకూడదన్న మాట కూడా రాయండి. అది సందుల్లోని సిమెంటును తింటుంది, మార్బుల్‌ను, బండను గుడ్డిగా చేస్తుంది.

డబ్బు పనిని బట్టి నడవాలి, పని డబ్బును బట్టి కాదు. సరుకు దిగాక కొంత, సగం నేల అయ్యాక కొంత, గ్రౌటు అయ్యాక కొంత, చివరి పది శాతం నెల రోజుల తర్వాత. డొల్ల శబ్దం, సందు రాలడం, వాలు తప్పడం ఆ నెలలోనే తెలుస్తాయి. బిల్లు, యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ మాటలు దాచుకోవాలి. గొడవ వస్తే రుజువులు అవే.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునే దానికంటే వినియోగదారు పక్షాన ఉంది. బిల్డరు నుంచి ఫ్లాటు కొన్నవాళ్లకు రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసుకున్న ఐదేళ్లలోపు పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు అదనపు ఖర్చు లేకుండా సరిచేయాలి. నేల లేవడం, వాటర్‌ప్రూఫింగ్ విఫలం కావడం ఇందులోకి వస్తాయి. సొంత ఇంటికి మేస్త్రిని పెట్టుకున్నవాళ్లకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల వరకు ఫీజు లేదు. కారణం పుట్టిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. అంతకు ముందు 1915 సహాయ నంబరుకు ఫోను చేయొచ్చు. అయితే కాగితం లేకుండా నోటి మాట మీద కుదిరిన బేరాన్ని నిరూపించడం ఎంత చట్టమున్నా కష్టమే.

దుమ్ము సంగతి

ఈ చర్చల్లో ఎప్పుడూ రాని పక్షం ఒకటుంది: టైలు కోసే మనిషి. గ్రానైటులో, విట్రిఫైడ్‌లో సిలికా ఉంటుంది. పొడిగా గ్రైండరు పెట్టి కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. వంటగట్టుకు ఇప్పుడు ఫ్యాషనైన కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా తొంభై శాతం దాకా ఉంటుంది. ఈ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. మన ఇంటి ముందు కోత పని జరిగే రోజుల్లో నీళ్లతో కోసే మిషను అడగడం, ముఖానికి సరైన మాస్కు ఇప్పించడం ఇంటి యజమాని చేతిలో ఉన్న పని. అదనపు ఖర్చు కొద్ది, తేడా ఒక మనిషి ఆయుష్షు.

చివరి లెక్క

మొత్తం చూశాక నా తీర్పు ఇది. ఏ సరుకూ అన్ని గదులకు ఉత్తమం కాదు. మెట్లకు, వంటగట్టుకు గ్రానైట్. హాలుకు డబుల్ చార్జ్ విట్రిఫైడ్ గానీ, వేడి ఎక్కువున్న ఊళ్లలో మంచి తాండూరు, బేతంచెర్ల బండ గానీ. పడకగదికి జీవీటీ. తడి గదులకు ఒట్టికాలి కొలతలో నెగ్గిన గరుకు టైలు. వరండాకు, డాబాకు పాలిష్ పట్టని రాయి. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే అద్దం పాలిష్ ఏ గదిలోనూ వద్దు.

డబ్బు చాలకపోతే కోత ఎక్కడ పెట్టాలన్నదే అసలు పరీక్ష. టైలు ధరలో కోత పెట్టొచ్చు, ఇటాలియన్ డిజైను వదులుకోవచ్చు, ఒక గదిని వచ్చే ఏడాదికి వాయిదా వేయొచ్చు. బేస్మెంటు దిమ్మిసలో, వాటర్‌ప్రూఫింగ్‌లో, గమ్ములో, మేస్త్రి కూలిలో మాత్రం కోత పెట్టకూడదు. చవక టైలును మంచి మేస్త్రి మట్టంగా పరిస్తే ఆ నేల ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఖరీదైన రాయిని తొందరపడి పరిస్తే మూడేళ్లకు పగలగొట్టాల్సి వస్తుంది. పగలగొట్టే ఖర్చులో కొత్త రాయి ధర ఒక వాటా మాత్రమే. ఇల్లు ఖాళీ చేయడం, సామాను మోయడం, మళ్లీ పెయింటు వేయడం మిగతా వాటాలు. షోరూముకు బయల్దేరే ముందే మేస్త్రిని ఖాయం చేసుకుని, అతన్ని వెంట తీసుకెళ్లి, ఈ టైలుకు కింద ఏం కావాలి అని అక్కడే అడిగి ఖర్చు మొత్తం కలిపి చూసుకున్నవాళ్లకు ఏ టైలు కొనాలన్న ప్రశ్న చాలావరకు దానంతటదే తేలిపోతుంది.